లోపల ఉండాల్సింది బయటికొస్తే: సికిల్ సెల్ చెప్పే ప్రోటీన్ పాఠం

సూరత్, తాపీ జిల్లాలతో పాటు దక్షిణ గుజరాత్ అంతటా గామిత్, చౌధరి, వసావా వంటి గిరిజన సమాజాల్లో సికిల్ సెల్ రక్తహీనత ఎక్కువగా కనిపిస్తుంది. దీన్ని తొలిదశలో పట్టుకునే పరీక్ష చాలా తేలిక. కొద్దిగా రక్తాన్ని చిన్న గాజు గొట్టంలోని ద్రావణంలో కలుపుతారు. గొట్టం వెనుక నల్లగీతల కాగితం ఉంచుతారు. గీతలు స్పష్టంగా కనిపిస్తే ఇబ్బంది లేదు. ద్రావణం మసకబారి గీతలు కనిపించకపోతే రక్తంలో సికిల్ హిమోగ్లోబిన్ ఉందని అనుమానిస్తారు.

ద్రావణం ఎందుకు మసకబారుతుంది? జవాబు కావాలంటే ప్రోటీన్ అణువులో ఏ భాగం లోపల ఉంటుందో, ఏది బయట ఉంటుందో తెలుసుకోవాలి.

నీటికి దూరంగా ముడుచుకునే అణువు

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. మనకు తెలిసిన 20 రకాల అమైనో ఆమ్లాల్లో కొన్ని నీటితో సులువుగా కలుస్తాయి. వాలీన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్, ఫినైల్ అలనీన్ వంటివి కలవవు. వీటిని జలవిముఖ అమైనో ఆమ్లాలు అంటారు. చారు మీద తేలే నూనె చుక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోయినట్టే, ఇవి కూడా నీటిని తప్పించుకుని ఒకచోట చేరతాయి. అలా గొలుసు ముడుచుకున్నప్పుడు మధ్యలో ఏర్పడే నీరు చొరని భాగమే జలవిముఖ గర్భం. ప్రోటీన్ ఆకారం నిలబడటానికి ముఖ్య ఆధారం ఇదే.

గర్భంలో ఉన్నవి ఏవి?

అమైనో ఆమ్లం పేరు చూసి అది ఎక్కడ ఉందో చెప్పలేం. అందుకే శాస్త్రవేత్తలు రెండు ప్రశ్నలు వేస్తారు.

మొదటిది, దానికి నీరంటే ఎంత విముఖత? 1982లో కైట్, డూలిటిల్ రూపొందించిన కొలమానం ఇందుకు బాగా వాడుకలో ఉంది. అందులో ఐసోల్యూసిన్‌కు 4.5, వాలీన్‌కు 4.2 మార్కులు. నీటిని ఇష్టపడే గ్లుటామిక్ ఆమ్లానికి మైనస్ 3.5.

రెండోది, దానికి నీరు నిజంగా తగులుతోందా? 1971లో లీ, రిచర్డ్స్ దీనికి దారి చూపారు. ప్రోటీన్ త్రిమితీయ నిర్మాణాన్ని కంప్యూటర్‌లో ఉంచి, నీటి అణువంత గోళాన్ని దాని ఉపరితలం మీద దొర్లించినట్టు లెక్కకడతారు. ఆ గోళం వ్యాసార్థం 1.4 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యికోట్ల వంతు. ఒక అమైనో ఆమ్లం ఉపరితలంలో గోళానికి అందే భాగం సుమారు 20 నుంచి 25 శాతం కన్నా తక్కువైతే అది లోపల ఉన్నట్టు సాధారణంగా పరిగణిస్తారు. జలవిముఖమై ఉండి, లోపల కూడా ఉంటే అది గర్భానికి చెందినదే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులుంటాయి. ఒక్క గొలుసునే తీసుకుని లెక్కిస్తే, గొలుసులు ఒకదానికొకటి అతుక్కునే చోట్లు కూడా నీటికి తెరిచి ఉన్నట్టు కనిపిస్తాయి. కాబట్టి లెక్క మొత్తం అణువుకు కూడా చేసి పోల్చి చూడాలి.

ఒక్క మార్పు, రెండు రకాల ముప్పు

హిమోగ్లోబిన్ బీటా గొలుసులో 42వ స్థానంలోని ఫినైల్ అలనీన్ లోపల హీమ్‌ను ఆనుకుని ఉంటుంది. హీమ్ అంటే ఆక్సిజన్‌ను పట్టుకునే ఇనుము ఉన్న భాగం. ఆ చోట నీటిని ఇష్టపడే సెరిన్ వస్తే హీమ్ పట్టు సడలి హిమోగ్లోబిన్ అస్థిరమవుతుంది. ఇలాంటి హిమోగ్లోబిన్‌ను హ్యామర్‌స్మిత్ రకం అంటారు. ఇది గర్భం చెడిన ఉదాహరణ.

సికిల్ సెల్‌లో జరిగేది దీనికి తలకిందులు. ఇందులో బీటా గొలుసు 6వ స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తుందని 1957లో వెర్నన్ ఇన్‌గ్రామ్ తేల్చారు. ఆ స్థానం అణువు ఉపరితలం మీద ఉంది. అంటే గర్భం చెక్కుచెదరదు, కానీ లోపల దాగాల్సిన స్వభావం ఉన్న అమైనో ఆమ్లం నీటికి ఎదురుగా నిలబడుతుంది.

హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదిలేశాక దాని ఆకారం కొంచెం మారుతుంది. అప్పుడు 85వ ఫినైల్ అలనీన్, 88వ ల్యూసిన్ దగ్గర ఒక జలవిముఖ గుంట వాలీన్‌కు సరిపడేలా అమరుతుంది. ఒక అణువులోని వాలీన్ పక్క అణువులోని ఆ గుంటలో ఒదుగుతుంది. ఇలా అణువులు వరసగా అతుక్కుని 14 పోగుల గట్టి తాళ్లుగా మారతాయి. ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోయి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని తీవ్రమైన నొప్పి తెస్తుంది.

గాజు గొట్టంలో జరిగేదీ ఇదే. ద్రావణంలోని సోడియం డైథయనైట్ ఆక్సిజన్‌ను తొలగిస్తుంది. సికిల్ హిమోగ్లోబిన్ కరగకుండా మిగిలిపోయి గీతలను మసకపరుస్తుంది.

అయితే ఈ పరీక్ష వాహకులనూ రోగులనూ విడదీసి చూపలేదు. అందుకు హెచ్‌పీఎల్‌సీ వంటి పరీక్ష చేయాలి. ఈ తేడా తెలియడం కుటుంబాలకు చాలా ముఖ్యం. తల్లి, తండ్రి ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని 2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ అమలవుతోంది. పెళ్లికి ముందే, లేదా బిడ్డ పుట్టగానే చేయించుకునే పరీక్షతో ఈ ముప్పును ముందుగా తెలుసుకోవచ్చు.