పిన్ని ఇంటి మీదుగా ఫ్రాంక్‌ఫర్ట్ దాకా

మా అమ్మకి ఎనభై మూడేళ్ళు. పుట్టింది ఇచ్ఛాపురంలో, కాపురానికి వచ్చింది బరంపురానికి. అరవై ఏళ్ళకు పైగా ఒరియా గడ్డ మీదే ఉన్నా, కూరగాయల బేరం తప్ప మిగతా బతుకంతా తెలుగులోనే గడిపేసింది. 2024 మే నెలలో ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న మా పెద్దమ్మాయి ఇంటికి మూడు నెలలు ఉండి వద్దామని బయలుదేరాం. మందుల సంచి, ఊలు శాలువా, ఆవకాయ అన్నీ సర్దుకున్నాం. టీవీ సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. "ఫోన్లో వస్తుంది కదా, ఎక్కడైతేనేం" అనుకున్నాం.

అమ్మకి సీరియలంటే వల్లమాలిన పిచ్చి అనుకునేరు. నిజం చెప్పాలంటే రాత్రి ఏడున్నరకి వచ్చే ఆ సీరియల్ని ఆవిడ తిట్టని రోజు లేదు. అసలు కార్యక్రమం ఎనిమిదింటికి మొదలవుతుంది. మా పిన్ని బరంపురంలోనే ఆ చివర ఉంటుంది. అక్కచెల్లెళ్ళిద్దరికీ మోకాళ్ళ నొప్పులు, కలుసుకునేది ఏ నెలకో ఒకసారి. అందుకని రోజూ ఎనిమిదింటికి ఫోను. "చూశావుటే ఆ అత్తగారి వేషాలు?" అని మొదలవుతుంది. అక్కడి నుంచి ఎవరి కోడలు అలిగింది, ఎవరికి బీపీ పెరిగింది, చింతపండు ధర ఎంత... అలా గంట.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో వేసవిలో మనకంటే మూడున్నర గంటలు వెనక. అంటే సీరియలు సాయంత్రం నాలుగింటికన్నమాట. మొదటి రోజు టీ గ్లాసు పట్టుకుని అమ్మ సోఫాలో కూచుంది. మా అమ్మాయి పెద్ద తెర మీద యాప్ తెరిచింది. "ఈ కార్యక్రమం మీరున్న ప్రాంతంలో అందుబాటులో లేదు" అని వచ్చింది.

"మనం డబ్బు కట్టలేదురా?" అంది అమ్మ.

"ఏడాదికి కట్టానమ్మా."

"మరి?"

నా దగ్గర జవాబు లేదు. ఎనిమిదింటికి పిన్నికి ఫోను చేస్తే "భోంచేశావా, అక్కడ చలా" అన్న రెండు మాటల తరవాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. నాలుగో రోజు "వద్దులే, దానికేదో పనుంటుంది" అంది అమ్మ. ఆరో రోజు టీకి కిందికి రావడమే మానేసింది. అప్పుడు నాకు భయం వేసింది.

మన బోటి సరిహద్దు తెలుగువాళ్ళకి ఇదేమీ కొత్త కాదు. మా చిన్నప్పుడు రేడియో ముల్లు తిప్పుతూ విశాఖపట్నం పట్టుకునేవాళ్ళం. గాలిలో వచ్చే పాటకి ఇచ్ఛాపురం పొలిమేర అడ్డు లేదు. దూరదర్శన్ వచ్చాక మాకు హిందీ, ఒరియా తప్ప హైదరాబాదు కార్యక్రమాలు దక్కలేదు. 1995లో ఈటీవీ, జెమినీ ఉపగ్రహం మీద వచ్చాకే ఇంట్లో తెలుగు వినబడింది. ఉపగ్రహానికి రాష్ట్రాల ఎల్లలు పట్టవు. ఇంటర్నెట్టుకి మాత్రం దేశాల ఎల్లలు బాగా పడతాయట.

కిటుకేమిటంటే, నెట్టుకి తగిలించిన ప్రతి కనెక్షనుకీ ఐ.పి. అడ్రసు అని ఒక అంకెల చిరునామా ఉంటుంది. ఏ అంకెలు ఏ దేశానివో యాప్ వాళ్ళకి తెలుసు. జర్మనీ అంకెలు కనబడగానే తలుపు వేసేస్తారు. సినిమాకైనా ఆటకైనా హక్కులు దేశాల వారీగా అమ్ముడవుతాయి మరి. ఐపీఎల్ చూడండి, 2022 జూన్ వేలంలో మన దేశానికి వేరుగా, విదేశాలకి వేరుగా అమ్మారు. ఐరోపా సంఘం వాళ్ళు మాత్రం 2018 ఏప్రిల్ నుంచి ఒక నిబంధన పెట్టుకున్నారు. ఒక సభ్య దేశంలో చందా కట్టినవాడు మరో సభ్య దేశానికి కొన్నాళ్ళు వెళ్ళినా తన కార్యక్రమాలు చూసుకోవచ్చు. బరంపురంలో కట్టిన చందాకి ఆ భాగ్యం లేదు.

దీనికి విరుగుడు వీపీఎన్ అన్నాడు మా అల్లుడు. మన ఫోను నుంచి మరో ఊళ్ళో ఉన్న కంప్యూటరు దాకా ఒక సొరంగం లాంటిది వేస్తారు. యాప్‌కి ఆ కంప్యూటరు అడ్రసే కనబడుతుంది కానీ మనది కాదు. వినగానే నేను ఆత్రపడి ఉచితంగా దొరికేదొకటి నా ఫోన్లో ఎక్కించాను. సీరియలు రాలేదు గానీ ప్రకటనలు వరదలా వచ్చాయి. పైగా అది తీయకుండానే నా బ్యాంకు ఖాతా తెరిచాను. పావుగంట కింద జర్మనీలో ఉన్న మనిషి ఇప్పుడు సింగపూరులో తేలాడేమిటని బ్యాంకు వాళ్ళు ఖాతా బిగించేశారు. ముప్ఫై నాలుగేళ్ళు బ్యాంకులో పనిచేసినవాణ్ణి, ఇంతకంటే సిగ్గుచేటు లేదు. దాన్ని విడిపించుకోవడానికి ఓటీపీ కావాలి. నా సిమ్‌కి రోమింగ్ పెట్టించుకుని వెళ్ళాను కాబట్టి బతికిపోయాను.

తరవాత డబ్బు కట్టి మంచిది తీసుకున్నాం. అందులో "ఇండియా" అని ఉంది, కానీ అది ఇండియాలో లేదు! 2022 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం వీపీఎన్ సంస్థలు వాడుకదారుల వివరాలు అయిదేళ్ళు భద్రపరచాలని ఆదేశించింది. దాంతో పెద్ద సంస్థలు కొన్ని ఇక్కడి యంత్రాలు ఎత్తేసి, వేరే దేశాల నుంచి భారతీయ అడ్రసు ఇవ్వసాగాయి. ఒకే అడ్రసు మీద బోలెడంత మంది వస్తుంటే యాప్ పసిగట్టేస్తుంది. మాకు రెండు రోజులు వచ్చింది, మూడో రోజు మళ్ళీ అదే పాట.

చివరికి మార్గం చెప్పింది పిన్ని మనవడు. "పెదనాన్నా, ఎవరిదో అడ్రసు ఎందుకు, మన ఇంటిదే వాడుకుందాం" అన్నాడు. సబ్బుపెట్టెంత కంప్యూటరొకటి కొని, పిన్ని ఇంట్లో ఫైబర్ కనెక్షనుకి తగిలించి, వైర్‌గార్డ్ అనే ఉచిత ప్రోగ్రాము పెట్టాడు. ఒక చిక్కు వచ్చింది. నెట్టు కంపెనీ వాళ్ళు చాలా ఇళ్ళకి కలిపి ఒకే అడ్రసు ఇస్తారట, అలాగైతే బయటి నుంచి ఆ ఇంటి తలుపు తట్టడం కుదరదు. నెలకి కొంత అదనంగా కట్టి సొంత అడ్రసు తీసుకున్నాం. సరిగ్గా నాలుగింటికి తెర మీద బొమ్మ పడింది. "వచ్చిందిరా అత్తగారు!" అని అమ్మ కేక పెట్టింది.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. వీపీఎన్ వాడటం మన దేశంలోగానీ జర్మనీలోగానీ నేరం కాదు. కానీ యాప్ షరతుల్లో ఇలా చుట్టూ తిరిగి రావద్దనే ఉంటుంది, కావాలంటే వాళ్ళు మన ఖాతా తీసెయ్యవచ్చు. అమ్మ సీరియలు వేసేవాళ్ళకి జర్మనీలో చందా లేదు. ఉంటే కట్టేవాణ్ణే. మీరు వెళ్ళే దేశంలో ఉందేమో ముందు కనుక్కోండి. వార్తా చానెళ్ళూ, తిరుమల దేవస్థానం భక్తి చానెలూ యూట్యూబులో ఎక్కడైనా వస్తాయి, వాటికి ఈ తంటా అక్కర్లేదు. పిల్లలు దుబాయిలో ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త. అక్కడ వీపీఎన్‌ని నేరానికి వాడితే జరిమానా అయిదు లక్షల దిర్హాముల నుంచి మొదలు.

జులైలో ఒక సాయంత్రం నాలుగుంపావుకి బొమ్మ ఆగిపోయి, చక్రం తిరగడం మొదలెట్టింది. వెంటనే ఫోను మోగింది. "అక్కా, ఇక్కడ గాలివానే. కరెంటు పోయింది. నీ పెట్టె కూడా ఆరిపోయింది" అంది పిన్ని. చీకట్లో ఒక్కర్తే ఉందిట, పిల్లలు బజారుకి వెళ్ళారుట. కొవ్వొత్తి ఏ అరలో ఉంటుందో అమ్మ ఇక్కడి నుంచి చెబుతోంది. అయిదుంపావుకి నేను మళ్ళీ వచ్చి చూస్తే ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. కరెంటు ఎప్పుడో వచ్చిందిట.

ఆ పెట్టె ఇప్పటికీ పిన్ని ఇంట్లోనే, టీవీ పక్కన ఉంది. అడ్రసుకయ్యే అదనపు డబ్బు నేనే కడుతున్నాను. మా రెండో అమ్మాయి సింగపూరు రమ్మంటోంది. "ముందు ఆ పెట్టె పనిచేస్తుందేమో కనుక్కో" అంటోంది అమ్మ.