ఉమ్మడి బీరువాకు ఏ తాళము?

ద్రాక్షతోటలకు పేరుపొందిన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు నేడు కార్యాలయములకు నెలవైనవి. తుర్కపల్లి వైపున జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు, శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము, 2008లో ప్రారంభమైన బిట్స్ పిలానీ హైదరాబాదు విద్యాలయము, 2016లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడిన పిమ్మట వెలసిన కచ్చేరీలు అందరెరిగినవే. ఇట్టి పెద్ద సంస్థలలోనే గాక, కోళ్లదాణా అమ్ము దుకాణములో సైతము రెండు మూడు కంప్యూటరులు కనబడుచున్నవి. అందరికిని కావలసిన లెక్కలను ఒక కంప్యూటరులో నుంచి, తక్కినవారు తమ బల్లయొద్దనుండియే తీసి చూచుకొను ఏర్పాటునకు షేర్డ్ ఫోల్డరు అని పేరు. అది చావడిలోని ఉమ్మడి బీరువా వంటిది.

బీరువా తెరువ వచ్చినవాడెవడో కంప్యూటరు గుర్తింపవలెను గదా. రిజిస్ట్రేషను కచ్చేరీలో పొలము వ్రాయించిన రైతునడిగిన, తన్నెట్లు గుర్తించిరో చెప్పగలడు: వ్రేలిముద్ర వేయించిరి, ఛాయాచిత్రము తీసిరి, సాక్షులు సంతకము చేసిరి. షేర్డ్ ఫోల్డరు తెరచిన గుమాస్తానడిగిన చెప్పలేడు. ఏ పద్ధతిని గుర్తించినను అతనికి కనబడు తెర ఒక్కటే.

విండోస్ కంప్యూటరులలో ముఖ్యముగా రెండు పద్ధతులు గలవు. పాతది ఎన్.టి.ఎల్.ఎం. బీరువా గల కంప్యూటరు, అనగా సర్వరు, ఒక సంఖ్యను పంపి ప్రశ్నించును. మీ కంప్యూటరు మీ పాస్‌వర్డునుండి పుట్టిన రహస్యముతో ఆ సంఖ్యను కలిపి జవాబు పంపును. పాస్‌వర్డు తీగపై పోదు, అంతవరకు మంచిదే. కాని మీరెవరో మీరు ఋజువు చేసికొంటిరేగాని, ఆ బీరువా నిజమైన బీరువాయేనని అది మీకు ఋజువు చేయలేదు. నడుమ నిలిచిన మోసగాడు ప్రశ్నను మీకందించి, మీ జవాబును తనదిగా సర్వరునకు చూపి లోనికి పోగల సందు ఇందు కలదు.

రెండవది కెర్బరాస్. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1980ల దశకమున పుట్టినది. గ్రీకు పురాణములలో పాతాళద్వారమును కాచు మూడుతలల కుక్క పేరు దీనికి పెట్టిరి. విండోస్ 2000 నుండి పెద్ద కార్యాలయములలో, అనగా అన్ని కంప్యూటరులను ఒక కేంద్ర కంప్యూటరు పాలించు చోట్ల, ఇదియే మొదటి పద్ధతి.

దీనిని రైలు టిక్కెట్టుతో పోల్చవచ్చును. 2023 ఏప్రిల్ నుండి మేడ్చల్‌కు ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు నడచుచున్నవి. ప్రయాణికుడు స్టేషనులో టిక్కెట్టు కొనును. బండిలో తనిఖీదారుడు టిక్కెట్టును చూచునేగాని, మేడ్చల్ స్టేషనుకు టెలిఫోను చేసి విచారింపడు. అట్లే ఉదయము మీరు పాస్‌వర్డు కొట్టగానే కేంద్ర కంప్యూటరు మీకొక మూలటిక్కెట్టు నిచ్చును. బీరువా తెరువవలసినప్పుడు దానిని చూపి, ఆ సర్వరు పేరిట వేరొక టిక్కెట్టు పొందుదురు. దీనిని సర్వరు తానే పరీక్షించుకొనును. సర్వరు అసలైనదో కాదో మీ కంప్యూటరును తెలిసికొనగలదు. టిక్కెట్టు సామాన్యముగా 10 గంటలు చెల్లును. గడియారములలో 5 నిమిషములకు మించి తేడా ఉన్న టిక్కెట్టు పనికిరాదు. రేడియో గంటలు విని గడియారము సరిచేసికొను మన ఇండ్లవారికి ఈ నియమము వింతగా తోచదు.

ఇక అతిథి ప్రవేశము, అనగా ఎవరినీ గుర్తింపకుండుట, మూడవది. దానిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు: తాళము లేని బీరువా అది.

టిక్కెట్టు పేరుమీదనే గాని అంకెమీద సాధారణముగా రాదు. ఇదియే మెలిక. సర్వరును పేరుతో పిలిచిన కెర్బరాస్. దాని అంకెల చిరునామాతో పిలిచిన, కంప్యూటరు చెప్పకుండగనే పాత పద్ధతికి దిగిపోవును. మేడ్చల్‌లో నేనెరిగిన ఒక కార్యాలయమున జీతముల పట్టీకి పూర్వమెవరో అంకెలతో దగ్గరిదారి ఒకటి చేసి తెరపై నుంచిరి. ఏండ్లు గడచినవి. ఒక సోమవారము పై కార్యాలయమువారు పాత పద్ధతిని నిలిపివేసిరి. పట్టీ తెరచుకొనలేదు. వచ్చిన ఆంగ్ల సందేశము గుమాస్తాకు బోధపడలేదు. "సార్, పాస్‌వర్డు నిన్నటిదే గదా!" అని అతడు మొత్తుకొనుచుండ, పైవారు పాస్‌వర్డు మరచితివని అతనినే నిందించిరి. రెండు దినములు పోయినవి. కూలీలకు జీతములు ఆలస్యమైనవి. ఏ తాళముతో తెరచుచున్నాడో అతనికెవరును ఎన్నడును చెప్పి యుండలేదు.

తెలిసికొను మార్గమొకటి కలదు. ఉదయము కంప్యూటరులోనికి ప్రవేశించి, ఉమ్మడి ఫోల్డరును ఒక్కసారి తెరువుడు. పిమ్మట కమాండ్ ప్రాంప్ట్ అను నల్లని కిటికీ తెరచి కె-ఎల్-ఐ-ఎస్-టి అను అక్షరములు కొట్టుడు. మీ టిక్కెట్ల జాబితా వచ్చును. అందు సి-ఐ-ఎఫ్-ఎస్ అను అక్షరములు, ఒక వాలుగీత, ఆపై మీ సర్వరు పేరు ఉన్నచో కెర్బరాస్ టిక్కెట్టు లభించినదన్నమాట. ఆ పంక్తి లేనిచో తలుపు వేరొక విధమున తెరచుకొన్నది. సర్వరును చూచుకొనువారికి ఇంకను స్పష్టమైన ఆధారమున్నది: భద్రతా దినచర్యలో 4624 సంఖ్య గల నమోదునందు ఆథెంటికేషన్ ప్యాకేజి అనుచోట పద్ధతి పేరు ఉండును.

కేంద్ర కంప్యూటరు లేని చిన్న దుకాణములలో పాత పద్ధతియే కనబడును. అందుకు యజమాని సిగ్గుపడనక్కరలేదు. కాని ఈ సంగతి నల్లకిటికీలోను, దినచర్యలోను దాగియుండుట నాకు నచ్చదు. ఫోల్డరు గుణములు చూపు పెట్టెలో ఒక్క పంక్తి చేర్చిన ఎంత శ్రమ? మైక్రోసాఫ్ట్ సంస్థ 2024 జూన్‌లో ఎన్.టి.ఎల్.ఎం.ను విడనాడదగిన వాని పట్టికలో చేర్చినది. కావున ఆ సోమవారము వంటి ఉదయములు మరికొన్ని కార్యాలయములకు రాగలవు.

ఆ మేడ్చల్ గుమాస్తా ఇప్పుడు సర్వరు పేరును కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాసి తెర ప్రక్కన అంటించుకొన్నాడు. అంకెల దగ్గరిదారిని తానే తీసివేసినాడు.