ఉప్పు తగ్గిస్తే బరువు తగ్గుతుందా?



బి.పి. ఉన్నవారికీ, బరువు తగ్గాలనుకునేవారికీ డాక్టరు చెప్పే మొదటి మాటల్లో "ఉప్పు తగ్గించండి" అనేది ఒకటి. ఆ మాట విని ఇంటికి వెళ్లినవారిలో కొందరు రెండు రోజులు చప్పిడి కూర తిని మూడో రోజు విసిగిపోతారు. మరికొందరు ఉప్పు పూర్తిగా మానేసి, వారంలో కిలోన్నర తగ్గామని సంతోషిస్తారు. రెండో వారంలో కాటా కదలకపోయేసరికి "ఇదంతా వట్టిది" అని మళ్లీ పచ్చడి జాడీ దగ్గరకు వస్తారు. వీరి తప్పేమీ లేదు. ఉప్పు ఎంత తగ్గించాలి, ఎందుకు తగ్గించాలి, తగ్గిస్తే శరీరంలో ఏం జరుగుతుంది అన్నది ఎవరూ విడమరచి చెప్పకపోతే ఇలాగే అవుతుంది. ఈ సంచికలో ఆ సంగతులు తెలుసుకుందాం.

మనం ఎంత ఉప్పు తింటున్నాం?

పెద్దవారికి రోజుకు 5 గ్రాముల ఉప్పు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ అదే. 5 గ్రాములంటే తలగొట్టి కొలిచిన ఒక టీ చెంచా కంటే కొంచెం తక్కువే. పప్పు, కూర, చారు, పచ్చడి, మజ్జిగ, సాయంత్రం తినే మిక్చరు, అన్నిటిలోని ఉప్పూ కలిపి అంత మాత్రమే.

2017లో ప్రచురితమైన ఒక సర్వేలో ఢిల్లీ, హర్యానా, ఆంధ్రప్రదేశ్‌లలో కొందరి 24 గంటల మూత్రాన్ని పరీక్షించి వారు రోజుకు ఎంత ఉప్పు తింటున్నారో లెక్కగట్టారు. ఢిల్లీ, హర్యానాలలో సగటున 8.59 గ్రాములు వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 9.46 గ్రాములు వచ్చింది. అంటే తినవలసిన దానికి దాదాపు రెండింతలు తింటున్నాం.

అమెరికాలో ఎక్కువ ఉప్పు ఫ్యాక్టరీలో తయారైన ఆహారం ద్వారా వస్తుంది. అక్కడివారు తగ్గించాలంటే కంపెనీలు కూడా మారాలి. మన దగ్గర ఎక్కువ భాగం మన వంటింట్లో మన చేతితో వేసేదే. కాబట్టి తగ్గించడం కూడా మన చేతిలోనే ఉంది.

తగ్గింది నీరా, కొవ్వా?

ఉప్పులో కేలరీలు లేవు. ఉప్పు కొవ్వుగా మారదు. మరి ఉప్పు తగ్గించగానే బరువు ఎందుకు తగ్గుతుంది?

ఉప్పులోని సోడియం నీటిని పట్టి ఉంచుతుంది. ఆసుపత్రిలో మీరు చూసే అర లీటరు సెలైన్ సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. లీటరుకు 9 గ్రాములన్న మాట. మన రక్తంలోని ఉప్పదనానికి సరిపోయే లెక్క ఇది. కాబట్టి శరీరంలో 9 గ్రాముల ఉప్పు అదనంగా నిలిచిపోతే దానితోపాటు సుమారు ఒక లీటరు నీరు నిలుస్తుంది. లీటరు నీరంటే కాటా మీద ఒక కిలో.

ఉప్పు తగ్గించినప్పుడు కిడ్నీలు ఆ అదనపు ఉప్పునూ నీటినీ నాలుగైదు రోజుల్లో మూత్రం ద్వారా పంపేస్తాయి. మొదటి వారంలో తగ్గే కిలో, కిలోన్నరలో ఎక్కువ భాగం ఈ నీరే. ఆ తర్వాత శరీరం కొత్త లెక్కకు సర్దుకుంటుంది, ఇక ఉప్పు వల్ల తగ్గేది ఉండదు. రెండో వారంలో కాటా ఆగిపోవడానికి ఇది పెద్ద కారణం. మీ ప్రయత్నం విఫలమైందని దాని అర్థం కాదు.

ఇదే లెక్క తిరగేసి చూడండి. పెళ్లిలోనో, క్రిస్మస్ విందులోనో బిర్యానీ, పచ్చడి, అప్పడం తిని మర్నాడు కాటా ఎక్కితే ఒక కిలో పెరిగినట్టు కనిపిస్తుంది. ఒక కిలో కొవ్వు పెరగాలంటే ఖర్చయ్యేదానికి పైన సుమారు 7,700 కేలరీలు తినాలి. ఒక్క పూటలో అది జరగదు. పెరిగింది ఉప్పు పట్టి ఉంచిన నీరు, ఇంకా అరగని ఆహారం. మామూలు తిండికి రాగానే రెండు మూడు రోజుల్లో అది పోతుంది. ఆ ఒక్క రోజు కాటా చూసి ప్రయత్నం మానుకోవద్దు.

అయితే ఉప్పు ఎందుకు తగ్గించాలి?

మూడు కారణాలున్నాయి.

మొదటిది అన్నం. మన పళ్లెంలో ఉప్పూకారం ఎంత ఘాటుగా ఉంటే అన్నం అంత ఎక్కువ కలుపుకోవాలి. ఆవకాయ ముక్క ఒకటి ఉంటే కూర లేకపోయినా రెండు వాయిలు లాగిస్తాం. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు ఉంటాయి. పచ్చడి కోసం రోజూ ఒక గరిటెడు, అంటే 150 గ్రాముల అన్నం అదనంగా తింటే 200 కేలరీలు అవుతాయి. ఐదారు వారాల్లో అది ఒక కిలో కొవ్వు. పచ్చడి మీద తేలే నూనె, పక్కన వేసుకునే నెయ్యి ఈ లెక్కలోకి రాలేదు.

రెండవది దాహం. ఉప్పు ఎక్కువైతే దాహం వేస్తుంది. మంచినీళ్లు తాగితే ఇబ్బంది లేదు. కూల్‌డ్రింకు, పంచదార వేసిన షర్బతు తాగితే ఆ కేలరీలన్నీ చేరతాయి.

మూడవదే అన్నిటికంటే ముఖ్యం, బి.పి. బరువు ఎక్కువైతే బి.పి. పెరుగుతుంది. ఉప్పు ఎక్కువైనా పెరుగుతుంది. రెండూ కలిస్తే గుండెకు, మెదడుకు, కిడ్నీలకు రెండు వైపుల నుంచి దెబ్బ. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 36 మంది అధిక బరువుతో ఉన్నారు. భీమవరం ప్రాంతంలోని 45 గ్రామాల్లో ఎవరు ఏ కారణంతో మరణించారో ఆరా తీసి 2006లో ప్రకటించిన అధ్యయనంలో, మరణాలలో దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. ఇవి పట్నం జబ్బులు, మన పల్లెలకు రావు అనుకునే రోజులు పోయాయి.

బరువు, ఉప్పు రెండూ కలిపి తగ్గిస్తే లాభం ఉందా? అమెరికాలో 60 నుంచి 80 ఏళ్ల వయసుండి, బి.పి.కి మందు వాడుతున్న 975 మందిపై చేసిన పరిశోధన ఫలితాలు 1998లో వచ్చాయి. లావుగా ఉన్నవారిలో కొందరు ఉప్పు తగ్గించారు, కొందరు బరువు తగ్గారు, కొందరు రెండూ చేశారు. ఏ ఒక్కటి చేసినా మేలు కనిపించింది. డాక్టర్ల పర్యవేక్షణలో మందు ఆపినా బి.పి. అదుపులో ఉన్నవారు, రెండూ చేసినవారిలోనే ఎక్కువ. వారు తగ్గిన బరువు సగటున నాలుగైదు కిలోలకు మించలేదు. అంత చిన్న మార్పు చాలు.

పల్నాటి పళ్లెం

పల్నాడులో జొన్నకూడు తప్ప మరొకటి దొరకదని శ్రీనాథుడు విసుక్కున్నట్టు చాటుపద్యాలు చెబుతాయి. ఆ జొన్నన్నం, జొన్నరొట్టె మన పెద్దల బలం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక వరి పెరిగింది, మూడు పూటలా తెల్ల అన్నం వచ్చింది. మిరప మన పంట. కాబట్టి కారం, దానికి సరిపడా ఉప్పు కూడా మన అలవాటే.

కారం మానమని చెప్పడం లేదు. ఒక పూట అన్నం బదులు జొన్నరొట్టె, ఆకుకూర పప్పు తినండి. కడుపు నిండినట్టు ఉంటుంది, ఆకలి త్వరగా వేయదు. రొట్టెకు ఉప్పు అక్కరలేదు.

కనిపించని ఉప్పు

ఒక పెద్ద చెంచా ఊరగాయలో గ్రాముకు పైగా ఉప్పు ఉంటుంది. ఊర మిరపకాయలు, అప్పడాలు, వడియాలు, ఎండు చేపలు, కారప్పొడి, మిక్చరు, చిప్స్, నూడుల్స్ మసాలా, సాస్, ఇవన్నీ ఉప్పు గనులే. బ్రెడ్డు, బిస్కెట్లు తియ్యగా ఉన్నా వాటిలోనూ ఉప్పు ఉంటుంది. బజ్జీలలో వేసే తినే సోడాలో, గ్యాసుకని నీళ్లలో వేస్తే పొంగే పొడిలో, నీళ్లలో కరిగే కొన్ని మాత్రలలో కూడా సోడియం ఉంది.

బరువు తగ్గడానికని అన్నం మానేసి ప్యాకెట్ సూపు, మసాలా ఓట్స్ తినేవారు జాగ్రత్త. కేలరీలు తగ్గినా సోడియం పెరుగుతుంది. ప్యాకెట్టు వెనుక సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చూడండి. దానిని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు లెక్క వస్తుంది. 100 గ్రాములకు 800 మిల్లీగ్రాముల సోడియం ఉంటే 2 గ్రాముల ఉప్పు తిన్నట్టే.

సైంధవ లవణం, రాళ్ల ఉప్పు మంచివని కొందరు ఎంతైనా వాడుతుంటారు. అవీ సోడియమే. పైగా అయొడిన్ కలపని ఉప్పు వాడితే థైరాయిడ్‌కు ఇబ్బంది. అయొడిన్ కలిపిన మామూలు ఉప్పునే తక్కువగా వాడండి.

ఇంట్లో ఎలా తగ్గించాలి?

1. ఉప్పు ప్యాకెట్టు తెరిచిన రోజు దాని మీద తారీఖు రాయండి. నలుగురు పెద్దవారికి రోజుకు 20 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్టు 50 రోజులు రావాలి. పచ్చడి, బయటి తిండి లెక్కలోకి తీసుకుంటే ఇంకా ఎక్కువ రోజులే రావాలి. మీ ఇంట్లో నెలకే అయిపోతుంటే ఎంత ఎక్కువ వాడుతున్నారో మీకే తెలుస్తుంది.

2. ఒక్కసారిగా మానవద్దు. ఇప్పుడు వేసేదానిలో నాలుగో వంతు తగ్గించండి. రెండు మూడు వారాల తర్వాత మరికొంత తగ్గించండి. నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. ఆ తర్వాత పాత కూర మీకే ఉప్పు కషాయంలా అనిపిస్తుంది.

3. చేత్తో చల్లకుండా చెంచాతో కొలిచి వేయండి. అన్నంలో, చపాతీ పిండిలో, మజ్జిగలో ఉప్పు వేయవద్దు. భోజనం దగ్గర ఉప్పు డబ్బా పెట్టవద్దు.

4. పులుపు ఉంటే ఉప్పు లోటు తెలియదు. గోంగూర, చుక్కకూర, చింతచిగురు, మామిడికాయ, నిమ్మకాయ వాడండి. వెల్లుల్లి, జీలకర్ర, మిరియాలు, కొత్తిమీర రుచినిస్తాయి. నిల్వ పచ్చడి బదులు అప్పటికప్పుడు నూరిన రోటి పచ్చడిలో ఉప్పు తగ్గించడం తేలిక.

5. రోగికి వేరుగా చప్పిడి కూర వండవద్దు. ఇంటిల్లిపాదికీ ఒకే కూర తక్కువ ఉప్పుతో వండండి. అది పిల్లలకూ మేలు. వేరు గిన్నె పెడితే పెద్దవారు నొచ్చుకుంటారు, నాలుగు రోజుల్లో మానేస్తారు.

6. వారానికి ఒక్కసారే, ఉదయం మూత్రవిసర్జన తర్వాత, ఏమీ తినకముందు బరువు చూసుకోండి. మొదటి వారం తగ్గుదలను లెక్కలో వేసుకోవద్దు. ఆ తర్వాత నెలకు ఒకటిన్నర, రెండు కిలోలు తగ్గితే చాలా మంచిది.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

ఉప్పు పూర్తిగా మానడం ప్రమాదం. ముఖ్యంగా ముసలివారు, నీరు పోయే మాత్రలు వాడేవారు చప్పిడి తింటూ నీళ్లు మరీ ఎక్కువగా తాగితే రక్తంలో సోడియం పడిపోవచ్చు. వికారం, మగత, తడబాటు, పొంతన లేని మాటలు, ఫిట్స్ కనిపిస్తాయి. "వయసు మీద పడి అలా మాట్లాడుతున్నారు" అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

రెంటచింతల ఎండ సంగతి అందరికీ తెలిసిందే. వేసవిలో పొలం పనికి, కూలికి వెళ్లేవారు ఉప్పు మరీ తగ్గించవద్దు. చెమట పట్టి నీరసం, కండరాలు పట్టేయడం ఉంటే నీడకు చేరి ఓ.ఆర్.ఎస్. తాగండి. విరేచనాలు పట్టుకున్నప్పుడు "నాకు బి.పి. ఉంది, ఓ.ఆర్.ఎస్.లో ఉప్పు ఉంది" అని మానవద్దు. ఆ సమయంలో అదే ప్రాణం నిలుపుతుంది. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తాగాలో డాక్టరును అడగండి.

దుకాణాల్లో తక్కువ సోడియం ఉప్పు దొరుకుతోంది. అందులో కొంత సోడియం బదులు పొటాషియం కలుపుతారు. చైనాలో 600 గ్రామాల్లో సుమారు 21,000 మందిపై చేసిన పరిశోధనలో, ఇలాంటి ఉప్పు వాడినవారికి పక్షవాతం 14 శాతం తక్కువగా వచ్చిందని 2021లో తేలింది. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవారికి, కొన్ని రకాల బి.పి., గుండె మందులు వాడేవారికి పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. డాక్టరును అడగకుండా ఈ ఉప్పు మొదలుపెట్టవద్దు.

గుండె బలహీనత ఉన్నవారికి మరొక మాట. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా అది తిండి వల్ల పెరిగిన బరువు కాదు, ఒంట్లో చేరిన నీరు. మీరు కాటా రోజూ చూసుకోవాలి. అలా కనిపిస్తే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగవద్దు.

బరువు, ఉప్పు తగ్గించిన కొద్దీ బి.పి. కూడా దిగవచ్చు. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటే మందు మోతాదు మార్చవలసి ఉందేమో చూడాలి. మీ అంతట మీరు మాత్రలు ఆపవద్దు. వాడుతున్న మాత్రలన్నీ, బరువు రాసుకున్న కాగితం తీసుకుని ఓ.పి.కి రండి.

ఈ రోజే ఇంట్లో ఉన్న ఉప్పు ప్యాకెట్టు మీద తారీఖు రాసి పెట్టండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.