రాత్రి నీకొదేము, పగటి నీకొదేము

డిసెంబర్ 31 రాత్రి హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో చర్చిలు కిటకిటలాడతాయి. సాగర్ రోడ్డు మీద షాపుల షట్టర్లు దించేసి వచ్చినవాళ్లు, మంచాల, యాచారం వైపు పల్లెల నుంచి ఆటోల్లో దిగినవాళ్లు, ఏడాదంతా మందిరం గడప తొక్కనివాళ్లు కూడా ఆ రాత్రి వస్తారు. పన్నెండు దాటాక పళ్లెంలో వాగ్దానం కార్డులు తిప్పుతారు. ఒక్కో కార్డు మీద ఒక్కో బైబిలు వాక్యం. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఆశీర్వాదం మాట వచ్చినవాళ్ల ముఖం వెలిగిపోతుంది. హెచ్చరిక లాంటిది వస్తే కొందరు దాన్ని మెల్లగా పళ్లెంలో పెట్టేసి ఇంకోటి తీస్తారు. ఒక ఏడు నేనూ అలాగే చేశాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు.

దేవుడి మాట కావాలి, కానీ అది మనకు నచ్చిన మాటే అయి ఉండాలి. సగం విశ్వాసం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ రెండో కార్డే గుర్తుకొస్తుంది.

మన సంఘాల్లో దీనికి ‘నామకార్థ క్రైస్తవం’ అని పేరుంది. ఆ మాట వాడేటప్పుడు మనం సాధారణంగా చూసేది హాజరు. ఆదివారం వస్తున్నాడా, కానుక వేస్తున్నాడా, ప్రార్థనలో కన్నీళ్లు వస్తున్నాయా అని. ఈ కొలతలు నాకెప్పుడూ సరిపోయినవిగా అనిపించలేదు. కన్నీళ్లు వస్తాయి, పోతాయి. అనుమానాలూ అంతే. మార్కు సువార్త 9వ అధ్యాయంలో జబ్బుపడిన కొడుకును తెచ్చిన తండ్రి తనలో నమ్మకమూ అపనమ్మకమూ రెండూ ఉన్నాయని ఒప్పుకుని సాయం అడుగుతాడు. యేసు ఆయన్ని వెనక్కి పంపలేదు, కొడుకును బాగుచేశాడు. కాబట్టి అనుమానం ఉన్నవాళ్లందరినీ సగం విశ్వాసుల లెక్కలో వేయలేం.

అయితే లోపం ఎక్కడుంది? యూదుల పెద్ద నీకొదేమును చూస్తే తెలుస్తుంది. యోహాను సువార్తలో ఆయన మూడుసార్లు కనిపిస్తాడు. మొదటిసారి రాత్రిపూట, ఎవరూ చూడకుండా వచ్చి యేసుతో మాట్లాడాడు. రెండోసారి పెద్దల సభలో, మనిషి చెప్పేది వినకుండా తీర్పు తీర్చవచ్చా అని ఒక్క ప్రశ్న వేశాడు. నువ్వూ గలిలయవాడివేనా అని ఎగతాళి చేశారు. మూడోసారి, సిలువ వేసిన రోజున, శిష్యుల్లో చాలామంది చెదిరిపోయిన వేళ, బోళం, అగరు కలిపిన సుగంధద్రవ్యం ముప్పై కిలోలకు పైగా మోయించుకొచ్చి యేసు దేహానికి పూశాడు. అంత బరువు దాచి తేవడం కుదరదు. మొదటి రాత్రికీ చివరి రోజుకూ మధ్య ఆయన మనసులో ఏం జరిగిందో సువార్త చెప్పదు. దాపరికం మాత్రం విడత విడతగా పోయింది.

ఎవరు నిజంగా నమ్మారన్న ప్రశ్న తెలుగు నేల మీద కొత్తది కాదు. ఒంగోలు ప్రాంతంలో తోళ్ల పని చేసే మాదిగ కుటుంబంలో పుట్టిన ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడు ఒంగోలుకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఆ తర్వాత పేరయ్యలా సంఘంలో చేరినవాళ్లకు మూడు షరతులు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇవాళ చదివితే చిన్న నియమాల్లా ఉంటాయి. ఆనాటి పల్లెలో వాటి బరువు వేరు. చచ్చిన గొడ్డు మాదిగవాడకు రావడం, దానికి బదులుగా పొలం పనీ చెప్పుల పనీ చేయడం, జాతరలో డప్పు కొట్టడం, ఇవన్నీ ఒకే కట్టుబాటులో భాగాలు. ఒక్కటి మానేస్తే ఊరంతా ఎదురు తిరిగేది. పని పోయేది, నీళ్లకు దారి మూసుకునేది, దెబ్బలూ పడేవి. ఎవడు నిజంగా నమ్మాడో ఆదివారం పొద్దున అరక కట్టమని దొర పిలిచినప్పుడే తేలిపోయేది.

ఆ తర్వాత 1876 నుంచి 1878 దాకా ఘోరమైన కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి పని ఇచ్చాడు. వేలమంది బాప్తిస్మం కావాలని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని సుమారు 15 నెలలు ఆపేశాడు. 1878 జూన్‌లో, సాయం ముగిశాక, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి బోధకుల్ని పిలిస్తే జనం వెల్లువెత్తారు. ఇక పని లేదు, డబ్బు లేదు, ఇళ్లకు వెళ్లండని చెప్పినా కదల్లేదు. ఒక్కొక్కరినీ విచారించి, జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మన దగ్గర ఈ సంఖ్యను గొప్పగా చెప్పుకుంటారు. నాకైతే ఆ 15 నెలల ఆగడమే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. లాభం తీసేసి చూస్తే ఎవరు మిగులుతారో తెలుసుకోవాలని ఆయన ఓపిక పట్టాడు. ఇవాళ చేతులెత్తినవాళ్లను లెక్కపెట్టుకునే సభల్లో ఆ ఓపిక తక్కువ.

సువార్తికుడు భక్త్ సింగ్ పేరు హైదరాబాద్ విశ్వాసులకు పరిచయం చేయనక్కర్లేదు. ముషీరాబాద్‌లో ఆయన సంఘం హెబ్రోనులో ఏటా జరిగే కూడికలకు ఇబ్రహీంపట్నం నుంచి వెళ్లడం ఎంతసేపు! పంజాబులో 1903లో సిక్కు కుటుంబంలో పుట్టిన ఆయన, చదువుకునే రోజుల్లో చేతికొచ్చిన బైబిలును చింపేసి తోలు అట్ట ఉంచుకున్నాడు. 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో నమ్మాడు, 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1933లో బొంబాయిలో ఓడ దిగితే తల్లిదండ్రులు ఎదురొచ్చారు. నమ్ముకో, కానీ బయట పెట్టకు, ఇంటి పరువు పోతుంది అన్నది వాళ్ల కోరిక. ఎంత చిన్న కోరిక! నమ్మొద్దని వాళ్లు అనలేదు. ఆయన దాచలేనన్నాడు. వాళ్లు ఆయన్ని అక్కడే వదిలి వెళ్లిపోయారు. 2000 సంవత్సరంలో ఆయన హైదరాబాద్‌లో చనిపోయినప్పుడు వీధులు పట్టనంత జనం వెంట నడిచారు. బొంబాయి రేవులో మాత్రం ఆయన ఒక్కడే నిలబడ్డాడు.

ఇక చాలామంది నోరు విప్పని సంగతికి వస్తాను. 1950లో రాష్ట్రపతి జారీ చేసిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలూ వాళ్ల సంతానమూ తెలంగాణలో బీసీ-సి కిందికి వస్తారు, అక్కడ రిజర్వేషన్ ఒక్క శాతం. అంటే ఒక కుర్రాడి మెడికల్ సీటో, ఒక అమ్మాయి టీచరు ఉద్యోగమో ఒక్క కాగితం మీద, కులం సర్టిఫికెట్ మీద, ఆధారపడి ఉంటుంది. అందుకే మోకాళ్ల మీద యేసు, తహసీల్దార్ ఆఫీసులో హిందూ అన్నట్టు ఎన్నో కుటుంబాలు నడుస్తున్నాయి. మతం మారినా వాడలో కులవివక్ష మారలేదు కదా అని వాళ్లు అడుగుతారు. అది నిజమే. ఆ ఉత్తర్వు మతాన్ని బట్టి తేడా చూపుతోందని నేను నమ్ముతాను. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో కమిషన్ వేసింది కూడా ఈ ప్రశ్న మీదే.

అలా బతుకుతున్నవాళ్ల మీద రాయి వేయడానికి నాకు చెయ్యి రాదు. రెండో రాజుల గ్రంథం 5వ అధ్యాయంలో సిరియా సేనాపతి నయమాను, కుష్ఠం పోయాక, ఇకనుంచి యెహోవానే సేవిస్తానంటూ ఒక చిక్కు చెప్పుకుంటాడు. రాజు నా చేతి మీద ఆనుకుని రిమ్మోను గుడిలో వంగితే నేనూ వంగాలి, దాన్ని క్షమించాలి అని. ఎలీషా ప్రవక్త ఆయనకు చీవాట్లు పెట్టలేదు, సమాధానంతో వెళ్లమన్నాడు. ఇక్కడ గమనించాల్సింది, నయమాను ఆ చిక్కును దాచలేదు. తానే నోరు తెరిచి ప్రవక్త ముందు పెట్టాడు. మన పాస్టర్ గార్లతో ఇలా మాట్లాడగలిగే వాతావరణం ఎన్ని సంఘాల్లో ఉంది? అడిగితే పరువు పోతుందని అడగరు. అడగనివాడు కొన్నేళ్లకు పాస్టర్ దగ్గరా, దేవుడి దగ్గరా కూడా ముసుగు వేసుకుంటాడు. కాగితం కన్నా ఆ ముసుగే ప్రమాదం.

సర్టిఫికెట్ చిక్కు లేనివాళ్లకూ దాచుకునే గది ఒకటి ఉంటుంది. ఇబ్రహీంపట్నం చుట్టూ ఎకరాలు వెంచర్లయ్యాయి, ప్లాట్ల బేరం నడవని టీకొట్టు లేదు. ఒకే ప్లాటు మీద ఇద్దరి దగ్గర అడ్వాన్సు పుచ్చుకున్న మనిషి ఆదివారం సాక్ష్యం చెబుతుంటే, ఇద్దరిలో ఒకడు వెనక వరుసలో కూర్చుని వినడం నేనెరుగుదును. లూకా సువార్తలో సుంకాల అధికారి జక్కయ్య ఇంటికి యేసు వచ్చిన రోజు ఆయన పాట పాడలేదు, లెక్క చెప్పాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. సగం నుంచి పూర్తికి వెళ్లే దారి ఎటని అడిగేవాళ్లకు నేనిచ్చే సలహా ఇంతే. ఎక్కువ ప్రార్థన చేస్తానని మొక్కుకోకండి. ఏ గదికి తాళం వేశారో చూసుకుని, ఆ ఒక్క తాళం తీయండి. అప్పు తీర్చడం కావచ్చు, క్షమాపణ అడగడం కావచ్చు, పెళ్లిచూపుల్లో మేం ప్రార్థనకు వెళతామండీ అని ముందే చెప్పడం కావచ్చు. రెండో తాళం సంగతి తర్వాత.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. మొన్న డిసెంబర్ 31న ఆమెకు క్షమించడం గురించిన వాక్యం వచ్చింది. కార్డు వెనక్కి పెట్టలేదు. తోడికోడలితో తొమ్మిదేళ్లుగా మాటల్లేవు, గట్టు తగాదా. జనవరి మొదటివారంలో గిన్నెలో పాయసం పట్టుకుని ఆ ఇంటి తలుపు కొట్టింది. లోపల టీవీ చప్పుడు వినబడుతూనే ఉంది, తలుపు తీయలేదు. గిన్నె గడప మీద పెట్టి వచ్చేసింది. ఆ తర్వాతి ఆదివారం ప్రార్థన అయ్యాక, తెల్లచీర మార్చుకోకుండానే, గిన్నె కోసం మళ్లీ వెళ్లింది.