టేకు చేపలకు జనాభా లెక్కలు

జనాభా లెక్కలవాళ్లు ఇంటింటికీ తిరిగి మనుషులను లెక్కిస్తారు. ఇల్లూ వాకిలీ లేని సముద్రపు చేపలను లెక్కించేదెలా?

చేటలా పరచుకున్న ఒళ్లు, కొరడాలాంటి తోక ఉన్న టేకు చేపను కోస్తా విద్యార్థులు చూసే ఉంటారు. ఇది సొరచేపకు దగ్గరి చుట్టం. రెండింటికీ గట్టి ఎముకలుండవు, అస్థిపంజరమంతా మృదులాస్థే. టేకు చేపల్లో మిక్కిలి పెద్దవి మాంటాలు. తీరాల దగ్గర తిరిగే మాంటా సాధారణంగా మూడు నాలుగు మీటర్ల వెడల్పుంటుంది. అయినా దానికి విషపు ముల్లు లేదు. నీటిలోని ప్లవకాలను వడగట్టుకుని తింటుంది.

మాంటా పొట్టమీద నల్లని మచ్చలుంటాయి. మన వేలిముద్రల్లాగే ఈ మచ్చలు ఒక్కొక్క మాంటాకు ఒక్కొక్క తీరుగా ఉంటాయి. కాబట్టి దాన్ని పట్టనక్కరలేదు. కిందినుంచి ఫొటో తీస్తే చాలు!

మరి ఫొటోకు చిక్కనివాటి సంగతి? ఒక ప్రయోగం చేయండి. డబ్బాలోని చింతగింజల్లో 40 తీసి, సున్నపు చుక్క పెట్టి, మళ్లీ డబ్బాలో వేసి బాగా కలపండి. ఇప్పుడు చూడకుండా 50 గింజలు తీయండి. వాటిలో 10 చుక్క గింజలు వచ్చాయనుకుందాం. అంటే అయిదింట ఒకటి. కనుక డబ్బాలో సుమారు 200 గింజలున్నట్లు. మాంటాలకు మొదటి ఫొటోయే సున్నపు చుక్క! అయితే చేపలు గింజల్లా ఒకచోట ఉండవు. వస్తాయి, పోతాయి, పుడతాయి, చస్తాయి. అందుకే శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి ఫొటోలు తీసి లెక్క సరిచేసుకుంటారు.

ఆస్ట్రేలియా తూర్పు తీరంలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2007లో ఈ పని మొదలుపెట్టింది. సరదాకు సముద్రంలో మునిగే ఈతగాళ్లు కూడా ఫొటోలు పంపారు. వాటిని పోల్చి చూడగా, కొన్ని మాంటాలు మొదట కనిపించిన చోటికి సుమారు 1,150 కిలోమీటర్ల దూరంలో మళ్లీ కనిపించినట్లు తేలింది. ఈ సంగతి 2019లో ప్రకటించారు. అంత దూరం తిరిగే జీవిని ఒక్కచోట కాపాడితే సరిపోదు కదా!

ఇంత శ్రమ ఎందుకంటారా? ఆఫ్రికాలోని మొజాంబిక్ తీరంలోనూ ఇలాగే లెక్కలు తీశారు. 2003, 2011 సంవత్సరాల మధ్య అక్కడ తీరపు మాంటాలు కనిపించడం 88 శాతం తగ్గిపోయింది. చాలా చేపలు వేలు, లక్షల గుడ్లు పెడతాయి. మాంటా మాత్రం సుమారు ఏడాది గర్భం మోసి, సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. మళ్లీ కనడానికి రెండేళ్లో, ఇంకా ఎక్కువో పట్టవచ్చు. ఒక్క తల్లి వలలో పడినా ఆ లోటు తీరడానికి ఏళ్లు పడుతుంది. ఏటేటా లెక్క ఉంటేనే తగ్గుదల ముందుగా తెలుస్తుంది. వేటను సకాలంలో అదుపు చేయడానికి వీలవుతుంది.