మార్జాలప్రియుల దేశాటనము

ప్రయాణమునకు బయలుదేరిన గృహస్థునకు పిల్లి యెదురైనచో వెనుకకు మఱలి, కాళ్లు కడుగుకొని, ఇన్ని మంచినీళ్లు త్రాగి, కొంత తడవు కూర్చుండి, పిమ్మటనే గడప దాటుట మన తెలుగునాట తరతరములుగా వచ్చుచున్న యాచారము. అట్టి నాట, పిల్లులను చూచుటకే సముద్రములు దాటిపోవువారు కలరనినచో మా విశాఖ సీతమ్మధారలో పెద్దలు కొందఱు నేటికిని విస్తుపోవుదురు. అయినను మన పూర్వులు మార్జాలమును శకునముతోనే సరిపెట్టలేదు. దాపుననున్న సింహాద్రినాథుని కొలుచు వైష్ణవులలోనే, తల్లిపిల్లి తన కూనను నోట కఱచుకొని క్షేమమైన చోటికి చేర్చునట్లు, జీవుని ప్రయత్నముతో నిమిత్తము లేక భగవంతుడే యతనిని తరింపజేయునని తెంగలై యాచార్యులు మార్జాలకిశోరన్యాయమును బోధించిరి. వీథిలో అపశకునమైన ప్రాణియే వేదాంతమున దైవకృపకు దృష్టాంతమగుట నాకు మిక్కిలి ప్రీతికరమైన విషయము.

మార్జాలప్రియుడు విశాఖలో రైలెక్కి మొదట చూడవలసినది మహాబలిపురము. ఏడవ శతాబ్దిలో పల్లవశిల్పులు కొండరాతిపై మలచిన అర్జునతపస్సను మహాశిల్పమున, తపస్వివలె ముంగాళ్లు పైకెత్తి నిలిచిన పిల్లి యొకటియు, దాని చెంత నిర్భయముగా ఎలుకలును కనబడును. ఇది కపటతాపసియైన మార్జాలమని పలువురి యభిప్రాయము. ఉద్యోగపర్వమున దుర్యోధనుడు ఉలూకునిచే ధర్మరాజునకు పంపిన నిందావాక్యములలో ఈ కథ యున్నది. కథలో పిల్లి దోషియైనను, నిక్కిన యా యొడలిని అంత నిజముగా మలచిన శిల్పి పిల్లులను ఎన్నిదినములు చూచి చూచి మురిసియుండెనో! ప్రేమ లేని ఉలికి ఆ పోలిక చిక్కదు.

దూరదేశములలో నా మనసు ముందుగా పోవునది జపానునందలి తాషిరోజిమా ద్వీపమునకు. మియాగి ప్రాంతపు తీరమునకు ఆవలనున్న యీ దీవిలో మనుష్యులు కొలదిమందియే, వారిలోను వృద్ధులే యెక్కువ. పిల్లులు మాత్రము వారికంటె పెక్కు రెట్లు. ఒకప్పుడు అచట పట్టుపురుగులను పెంచువారు, వానిని తినిపోవు ఎలుకలను అడచుటకై పిల్లులను సాకిరి. తరువాత జాలరులు వానికి చేపలు వేయుచు, వాని చేష్టలనుబట్టి గాలివానల రాకను, చేపల పాటును ఊహింప నేర్చిరి. వలపనికై రాయి కొట్టుచుండగా ఒక తునుక యెగిరిపడి పిల్లి యొకటి మరణించెననియు, ఆ దుఃఖము తీర్చుకొనుటకు దానికి గుడి కట్టిరనియు ద్వీపవాసులు చెప్పుకొందురు. ఆ చిన్న గుడి నేటికిని కలదు. విశాఖ చేపలరేవున పడవలు ఒడ్డు చేరువేళ గుమిగూడు పిల్లులను చూచినవారికి ఈ బంధము క్రొత్తగా తోపదు. గుడి కట్టుటయొకటే మనవారు చేయని పని.

అదే దేశమున వకయామా ప్రాంతపు కిషి స్టేషనుకు 2007లో తామా యను మూడువన్నెల పిల్లిని స్టేషనుమాస్టరుగా నియమించి, టోపీ పెట్టిరి. దానిని చూడవచ్చు జనముచే నష్టములలోనున్న ఆ రైలుమార్గమునకు ఊపిరి వచ్చెను. 2015లో అది గతింపగా షింటో విధిని జరిగిన యంత్యక్రియలకు వేలాదిగా జనము తరలివచ్చిరి.

ఇస్తాంబులులో పిల్లి ఏ యొక్క యింటిదియు కాదు, ఊరందఱిది. అంగడివారు గడపలముందు నీళ్లును తిండియు పెట్టుదురు. చలికాలమున చిన్న చిన్న గూళ్లు అమర్చుదురు. హాగియా సోఫియాలో గ్లీ యను పిల్లి యుండెడిది. 2020లో ఆ కట్టడము తిరిగి మసీదైనను దానిని ఎవ్వరును కదలింపలేదు. ఆ యేటనే అది వార్ధక్యమున మరణించెను. వీథిమెట్టుపై మోచేయి ఆనించి తీరికగా కూర్చుండు తోంబిలి యను మఱియొక పిల్లికి, అది పోయిన పిమ్మట, 2016లో అదే భంగిమలో కంచువిగ్రహము నిలిపిరి. ఎవరో దొంగిలింపగా ప్రజలు ఆగ్రహించిరి, విగ్రహము తిరిగివచ్చెను. ఇట్టి యాత్రలలో చూడదగినది ఇదియే: ఒక చిన్నప్రాణికి ఒక యూరు ఇచ్చిన స్థానము.

అంత దూరము పోజాలనివారికిని, పోగలిగినవారికిని గూడ, నేను చూపదలచినది కాకినాడ దాపునగల కోరింగ. గోదావరి సముద్రమును చేరుచోట మడచెట్లు అల్లుకొన్న యీ బురదనేలను 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. ఇచట నివసించు నీటిపిల్లి పెంపుడుపిల్లికి దాదాపు రెండింతలుండును. నీటిని చూచి బెదరక, ఒడ్డున పొంచియుండి, పంజాతో నీటిపై మెల్లగా తట్టి చేపను రప్పించి, అవసరమైన మునిగి పట్టును. దాని వ్రేళ్లమధ్య కొంతమేర చర్మపుపొర గలదు. చర్మమునంటి దట్టమైన లోబొచ్చు ఉండుటచే నీరు ఒంటికి అంటదు. మడ యడవిని కొట్టి రొయ్యలచెఱువులు త్రవ్వినచోటెల్ల దీనికి నిలువనీడ లేకపోవుచున్నది. ఒక్క మడచెట్టు కొట్టుటకు ముందు మనము పదిమార్లు ఆలోచింపవలెను. అరణ్యములో చెక్కలతో కట్టిన కాలిబాటపై పగటివేళ తిరుగువారికి ఈ రాత్రిసంచారి కనబడుట అరుదు; నీటికుక్కలును, కొంగలును కనబడవచ్చును. పోవువారు ఆ పాయలలో పడవ నడుపు బెస్తలతో కొంతసేపు మాటలాడుడు; నీటిపిల్లి ఏ యొడ్డున వేటకు కూర్చుండునో చెప్పగలవారు వారే.