గుండె కన్నా ముందే గొట్టాలు

హైదరాబాద్ శివారు బడంగ్‌పేట్ కొత్త కాలనీల్లో ముందు ఇళ్లు లేస్తాయి. సీసీ రోడ్డు, డ్రైనేజీ, నల్లా కనెక్షన్ ఆ తర్వాత ఒక్కొక్కటే వస్తాయి. కడుపులో బిడ్డ తీరు దీనికి తలకిందులు. అక్కడ ముందు పడేవి గొట్టాలే.

నమ్మకం కలగకపోతే, కోడి నాలుగైదు రోజులు పొదిగిన గుడ్డును చీకటి గదిలో టార్చిలైటు మీద పెట్టి చూడండి. మధ్యలో చిన్న చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలా పాకిన ఎర్రటి గీతలు కనిపిస్తాయి. వాడుకలో నరాలంటాం గానీ అవి రక్తనాళాలు. కోడిపిల్ల ఆకారం ఇంకా తేలనే లేదు, దారులు మాత్రం సిద్ధం.

అమెరికన్ శాస్త్రవేత్త ఫ్లోరెన్స్ సేబిన్ రెండో రోజు కోడి పిండాన్ని సజీవంగా మైక్రోస్కోపు కింద గమనించి 1920లో ఆ వివరాలు ప్రచురించారు. కొన్ని కణాలు గుంపుకడతాయి. ఆ గుంపు లోపల ద్రవం చేరి బోలుగా మారుతుంది. అంచున ఉన్నవి నాళం గోడ అవుతాయి, లోపలివి రక్తకణాలవుతాయి. ఇలాంటి గుంపులు ఒకదానితో ఒకటి కలిసి వలగా అల్లుకుంటాయి.

మనిషి పిండంలోనూ ఇంతే. ఫలదీకరణ జరిగిన మూడో వారంలో పచ్చసొన సంచి గోడల్లో ఈ పని మొదలవుతుంది. దాదాపు 22వ రోజున గుండె కదులుతుంది. ఇంత తొందర ఎందుకంటే, ఆక్సిజన్ తనంతట తాను కణాల మధ్య ఇంకగలిగేది మిల్లీమీటరులో ఐదో వంతు దూరానికి మించదు. అంతకన్నా లావెక్కాలంటే పిండానికి రక్తప్రసరణ ఉండాల్సిందే.

నాళాలను పెరగమని పురమాయించే ప్రోటీన్ పేరు వీఈజీఎఫ్. దాని జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటి లోపించినా ఎలుక పిండాలు కడుపులోనే చనిపోతాయని 1996లో తేలింది. అంటే ఈ ప్రోటీన్ ఉంటే చాలదు, సరిపడా ఉండాలి.

బిడ్డ వైపు పని ఇది. తల్లి వైపు ఇంకోటి నడుస్తుంది. గర్భాశయంలో మెలికలు తిరిగిన సన్నటి ధమనులుంటాయి. మాయ నుంచి వచ్చిన కణాలు వాటిలోకి చొరబడి, గోడల్లోని కండరాన్ని తొలగించి, వెడల్పు చేస్తాయి. మొదట్లో అవే కణాలు ఆ ధమనులకు బిరడాలా అడ్డుపడి ఉంటాయి. 10 నుంచి 12 వారాల మధ్య అడ్డు తొలగి, మాయలోకి తల్లి రక్తం ధారాళంగా రావడం మొదలవుతుంది.

ఈ వెడల్పు పని సగంలో ఆగితే మాయకు రక్తం సరిగా అందదు. ఒత్తిడికి లోనైన మాయ, వీఈజీఎఫ్‌ను పట్టి ఆపేసే పదార్థాలను తల్లి రక్తంలోకి వదులుతుంది. అప్పుడు తల్లి రక్తనాళాలూ దెబ్బతింటాయి. 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరడం, మూత్రంలో ప్రోటీన్ పోవడం దాని గుర్తులు. దీన్నే ప్రీఎక్లాంప్సియా అంటారు. ముప్పు ఎక్కువున్నవాళ్లకు డాక్టర్లు 12 వారాల నుంచే తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాసేది ఇందుకే. సొంతంగా మాత్రం వేసుకోకూడదు.

"పిల్ల బాగానే ఉంది కదా, ప్రతిసారీ ఈ బీపీ ఏంటమ్మా?" అని నెలనెలా చెకప్‌కు తోడొచ్చిన అత్తగారు అడగొచ్చు. చేతికి చుట్టిన ఆ పట్టీ చూసేది ఇవాళ్టి బీపీనే. కానీ అది అడిగేది, తొలి నెలల్లో మొదలైన ఆ గొట్టాల పని సరిగా పూర్తయిందా అని.